పన్ను

కింద దవడ, ఎడమవైపు, వెనకనుంచి రెండోది.
"కాపాడితే ఏడువేల ఐదొందలు, క్యాపుతో కలిపి.
పీకితే ఎనిమిదొందలు" అన్నాడు గాజువాక డాక్టరు,
చేపల బజార్లో వంజరం ధర చెప్పినంత మామూలుగా.
"ఆలోచించుకుని రండమ్మా."
ఆలోచన ఒక్కటే ఈ ఊళ్లో ఇంకా ఉచితం,
అదీ బస్సులో సీటు దొరికితే.

ఏడువేలు ఉన్నాయి. అబద్ధమెందుకు.
బియ్యం డబ్బాలో కాదు, అక్కడైతే మా ఆయన చెయ్యి పడుతుంది.
ఆఫీసు సొరుగులో, పాత కాటా చీటీల కట్ట కింద,
పద్నాలుగు నెలలుగా, ఐదొందలు ఐదొందలుగా,
ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకోడానికి.

నవ్వకండి. నూకరత్నం ముందే నవ్వేసింది.
"ఓలమ్మా, నీకేటి పిచ్చా? ఆ బండి నువ్వు తోల్తావేటి?"
తోల్తాను.
పదకొండేళ్లుగా పోర్టు రోడ్డు పక్క కిటికీలో కూర్చుని
ఎవరెవరిదో బొగ్గు, ఎవరెవరిదో ఇనుము, ఎరువు తూచాను.
లారీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
చీటీ చింపుతాను, లారీ దిగుతుంది.
నా జీతం మాత్రం
పదమూడువేల దగ్గర లంగరేసి కూర్చుంది.

మా కాటాకి ఒక గుణం ఉంది.
ఇరవై కేజీలకు తక్కువైతే దాని కంటికి ఆనదు.
నేను నిలబడితే అరవై. పిల్లి దాటితే సున్నా.
మొన్న పాలపేకెట్టు మీద రెండు రూపాయలు,
గ్యాసు మోసుకొచ్చిన కుర్రాడికి ముప్పై కాదు, యాభై,
పాప స్కూలు ఆటోకి నెలకు ఇంకో నూటయాభై,
"ఇంటి పన్ను పెంచేశారమ్మా" అని ఓనరు బంగారయ్య ఐదొందలు.
ఒక్కోటీ కాటాకి ఆనని బరువే.
పన్ను ఆయనకీ ఉంది, నాకూ ఉంది.
ఆయనది నేను కడతాను.
నాది కూడా నేనే.

రాత్రి లవంగం నూనెలో దూది ముంచి పెట్టుకుని పడుకున్నాను.
మల్కాపురంలో కిటికీ మూసినా బొగ్గు వస్తుంది,
తలగడ మీదికి, పాప నోటుపుస్తకం మీదికి, పెరుగు మీదికి.
తెల్లారేసరికి గచ్చు మీద నల్లటి పొర.
వేలితో దానిమీదే లెక్క రాసుకోవచ్చు,
కాగితం ఖర్చు లేకుండా.
ఫీజు ఆరువేలు, పీకుడు ఎనిమిదొందలు,
రెండొందలకు మాత్రలు.
అలా కాదంటే పన్ను ఉంటుంది, కిటికీ ఉంటుంది,
పైన ఐదొందలు అప్పుంటుంది.

దాలినాయుడు పక్కకు తిరిగి
"ఏటి రాత్తన్నావు మసిలో, ముగ్గా?" అన్నాడు.
"ఆఁ, ముగ్గే" అన్నాను.
చెప్పొచ్చు. చెప్తే వద్దనడు, అదే భయం.
నీ ఇష్టమే అంటాడు.
రేపేదైనా అయితే ఆ ఇష్టాన్నే తెచ్చి
నా కంచం పక్కన పెడతాడు.

పీకించేశాను.
అడిగితే కాగితంలో చుట్టి ఇచ్చాడు డాక్టరు.
వేరు రెండు పాయలుగా, అనుకున్నదానికంటే పొడుగ్గా ఉంది.
పాతికేళ్లు నాతో అన్నం తిన్నది.

మధ్యాహ్నం డ్యూటీకి బేగి వచ్చేశాను.
రెండు లారీల మధ్య ఖాళీ చూసి
కాటా నడిమధ్యన దాన్ని పెట్టి
పరిగెత్తుకొచ్చి అంకె చూశాను.
సున్నా.
తెలుసు. అయినా చూశాను.

తిరిగి తెచ్చి కొంగున ముడేసుకుంటుంటే వెనక హారను.
"ఎంతొచ్చింది మేడమ్?" క్లీనరు కుర్రాడు అరుస్తున్నాడు.
నోట్లో దూది. వేళ్లతో చూపించాను.
నాలుక మాటిమాటికీ ఆ గుంట దగ్గరికే వెళ్తోంది,
ఖాళీ అయిన వాటాలోకి
ఏదో పని మీద వచ్చినట్టు తొంగిచూసే పక్కింటావిడలా.

సోమవారం పొద్దున్న ఆరింటికి షీలానగర్ రమ్మన్నారు.
ఇనప ముక్కు బూట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలట.
బూట్లు లెక్కలో రాయలేదు.