పీచు యార్డులో పరావలయం

అంబాజీపేటలో పొద్దు వాలుతోంది.
పళ్లాలమ్మ వెనక్కి వెనక్కి నడుస్తోంది,
నడుముకి కట్టిన గోనెలో కొబ్బరి పీచు,
ఎదురుగా మోటారు రాట్నం.
వేళ్ల సందులోంచి తాడు పుట్టుకొస్తోంది.

"ఏం చేత్తారండీ మాస్టారూ దీంతో?"

రేపటి పాఠానికి బొమ్మ కట్టాలి.
కన్యారాశి వైపు, ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల అవతల
ఒక చీకటి ఉంది, వందల కోట్ల సూర్యుళ్ల బరువు.
చుట్టూ తిరుగుతూ వచ్చిందాన్ని మింగుతుంది.
నోటి దాకా వచ్చి పడనిది కొంత
అయస్కాంత గీతల మెలికలో చిక్కి
వెలుగుతో పోటీపడి పైకి చిమ్ముతుంది.

"మింగింది కక్కుద్దా అండీ?"

కక్కదు. అదంతా గుమ్మం బయటి పని.

"ఆయ్. అలా చెప్పండి మరి."

మొదట్లో ధార సన్నం.
చుట్టూ ఉన్న గాలి నొక్కిపడుతుంది,
పాపికొండల మధ్య గోదారిలా
పిసినారిగా, వంపుగా వెడల్పవుతుంది.
పరావలయం, అని బోర్డు మీద రాస్తాను.
ఎంతో దూరం పోయాక పట్టు సడలి
ధవళేశ్వరం దాటిన నీరులా
శంకువై విచ్చుకుంటుంది.
మన ఊళ్లన్నీ ఆ విచ్చుకున్న చోటే.

ధార అంచులు వెలుగు, నడుమ మసక.
కోటిపల్లి రేవులో రాత్రి పంటెక్కితే
ఆ గట్టున దీపాలు, ఈ గట్టున దీపాలు,
మధ్యలో నీళ్లున్నాయని
చప్పుడు చెబితేనే తెలుస్తుంది.

తేలనిది ఇంకోటుంది.
ఆ బలం తిరిగే చీకటిదా,
చుట్టూ తిరిగే పళ్లేనిదా?

"పీచుకి బలం ఎక్కడిదండీ, తిప్పితే వచ్చిందే.
ఎవరు తిప్పుతున్నారో నాకేం తెలుసు,
నా చేతికి తెలిసేది మెలికే."

అప్పుడు కరెంటు పోయింది.
రాట్నం ఆగింది.
తాడులో ఎక్కిన మెలిక ఎటు పోవాలో తెలీక
మధ్యలో ఒక ముడి వేసుకోబోయింది.
ఆమె చటుక్కున లాగి పట్టింది.

ఆ ధారలోనూ ముడులున్నాయి, అన్నాను.
మనకి కనబడేది ఐదున్నర కోట్ల ఏళ్ల కిందటి వెలుగు,
అక్కడ రాట్నం తిరుగుతోందో, ఆగిందో.

"మరి ఈ చివర ఎవరు పట్టుకున్నారండీ?"

పాఠంలో అది లేదు.
నలభై రూపాయల తాడుకి యాభై ఇచ్చాను.
చీకట్లో ఒంటిచేత్తోనే చిల్లర లెక్కపెట్టింది,
రెండో చేతి బిగువు
వదల్లేదు.