పదకొండో వరస

దావీదూ, ముందే బస్తా మీద చెయ్యెయ్యకు.
కాసేపు నిలబడి దాన్ని చూడు.
బరువంతా ఎటు కూర్చుందో,
ఏ మూల చెమ్మ పట్టిందో,
కుట్టు ఎక్కడ వదులైందో.
చెమ్మ పట్టిన బస్తా అబద్ధం చెబుతుంది.
ఒంటిమీద యాభై అని అచ్చేసుకుని
భుజమ్మీదికొచ్చాక అరవై అవుతుంది.

కాళ్ళు ఎడం చెయ్యి, భుజాలంత.
వంగాల్సింది మోకాళ్ళు, నడుం కాదు.
నాట్లేసేవాళ్ళని చూసి నేర్చుకోకు,
మీ అమ్మ రాత్రులు ఎటు తిరిగి పడుకుంటుందో
నీకు తెలుసు కదా.
గుండెకి దగ్గరగా లాక్కో.
చంటిపిల్లని ఎత్తుకున్నట్టు అంటారు కొందరు.
నమ్మకు. చంటిపిల్ల నిన్ను పట్టుకుంటుంది.
బస్తా పట్టుకోదు.

తిరగాలంటే పాదాలతో తిరుగు.
నడుం మెలేసి విసిరావనుకో,
ఆ క్షణాన ఏమీ అవదు.
అదే దాని మోసం.
ద్వారపూడిలో, గూడ్సు బండి ముందు,
రాత్రి పదకొండు దాటాక,
లోపలెక్కడో తడిగుడ్డ చిరిగినట్టు
చిన్న చప్పుడు. నాకొక్కడికే వినబడింది.
నవ్వేసి ఇంకో నలభై మోశాను.
తెల్లారి లుంగీ కట్టుకోలేకపోయాను.
మా ఆవిడ కట్టింది.
ఎవరితోనూ అనలేదు, ఇప్పటిదాకా.

అప్పట్నించీ నేను మోసేది సుద్దముక్క.
నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి.
కాకినాడలో నా వెన్నుపూసకి తీయించిన ఫొటో డబ్బుతో
మూడు మెట్లబల్లలొచ్చేవి.
లెక్క రాసేవాణ్ణి, ఆ లెక్క నాకు తెలుసు.

ఈ గోడ మీద పదో వరస పైన
నీలం గీత చూశావా?
అది నేను గీసింది కాదు, లోవరాజు గీశాడు.
పోయిన ఆషాఢంలో, ముసురు పట్టిన రోజు,
కాలవ గట్టు మీద లారీ హారన్ కొడుతూనే ఉంది.
పదకొండో వరసకి తల పైకెత్తి విసరమన్నాడు గుమాస్తా.
లోవరాజు కొక్కెం గోడకి తగిలించి
గట్టు మీద కూర్చున్నాడు.
వాడి పక్కన అప్పలస్వామి.
తర్వాత ఒక్కొక్కళ్ళే, ఆరుగురు.
అరవలేదు, జెండా లేదు.
ఒకడు బీడీ ముట్టించుకున్నాడు, అంతే.
డ్రైవరు దిగొచ్చి తిట్టి, తిట్టి,
చివరికి వాడూ తన మెడ పట్టుకుని కూర్చున్నాడు.

మూడింటికి బల్ల వచ్చింది మండపేట నుంచి.
ఒక కాలు పొట్టి.
కింద గోనెముక్క మడిచి పెట్టాం.
ఇప్పటికీ అదే గోనె, అదే ఊగు.
ఎక్కేముందు కాలితో ఓసారి తట్టి చూసుకో.

లారీకీ లారీకీ మధ్య కూర్చో.
సిగ్గుపడకు, గంజి తాగు, ఉప్పేసుకుని.
వయసులో ఉన్నావు, రెండేసి మోస్తానంటావు.
పందెం కట్టేవాళ్ళుంటారు, టీ తాగించేవాళ్ళూ ఉంటారు.
ఆ టీలు నేనూ తాగాను.

నొప్పి ఎప్పుడొస్తుందని అడిగావు మొన్న.
వానకి కాదు, బరువుకీ కాదు.
తుమ్మితే.
తవుడు దుమ్ములో బతికేవాడు
తుమ్మకుండా ఎలా ఉంటాడు చెప్పు.
అందుకే ముక్కు చురుక్కుమనగానే
గోడ పట్టుకుని ఆగిపోతాను.
శకునం చూసుకుంటున్నాడు మేస్త్రీ అని
కొత్తవాళ్ళు వాళ్ళూ ఆగుతారు.
ఆగనీ.