మూయని సున్నా

బౌద్ధనాథ్ వెనక సందులో పాత సరుకుల కొట్టు.
అద్దాల బల్ల మీద నూరు స్రాంగ్‌ల నోటు పరిచి
"ఈ నంబరు అచ్చా, చేతిరాతా?" అన్నాడొక పర్యాటకుడు.
యజమాని నా వైపు చూశాడు.
ఈ కొట్టులో దుమ్ము తుడిచేదాన్ని నేను,
ఆ అంకెలు రాసినవాడి మనవరాల్ని కూడా.
రెండో సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

తాత పేరు సామ్‌ఫెల్.
లాసా టంకశాలలో సింహాలూ అంచులూ ముద్రలూ
అన్నీ అచ్చులోనే పడేవి,
వరుస అంకె మాత్రం మనిషే వెయ్యాలి.
అచ్చు అబద్ధమాడొచ్చు గానీ
మణికట్టు ఆడదని వాళ్ళ నమ్మకం.
వెదురు కలం, నల్లసిరా, పొద్దుగూకేదాకా.
తాత సున్నాని పూర్తిగా మూసేవాడు కాదు.
వెంట్రుకవాసి సందు.
పెద్ద లేఖరి మందలిస్తే
"దానికి ఊపిరాడొద్దా అయ్యా" అనేవాడట.

రెండు కాగితాలు అతికిస్తే ఒక నోటు.
ఆ రెంటి నడుమ దాగిన అక్షరాల వరుస ఒకటి,
వెలుగుకి ఎత్తితేనే తేలేది.

తర్వాత తూర్పు నుంచి వెండి వచ్చింది,
కంచరగాడిదల మీద పెట్టెలకి పెట్టెలు.
కొండని కోసి బాట వేసినవాడికల్లా వెండి నాణెం.
వేసింది మావాళ్ళే, లెక్కపెట్టి పుచ్చుకున్నదీ మావాళ్ళే.
బాట పూర్తయ్యాక దాని మీద ఏమొచ్చాయో
చెప్పాల్సిన చోటికొచ్చేసరికి
తాత టీ గిన్నె బోర్లించేవాడు.

బీజింగులో ఒక కాగితం మీద ముద్ర పడిందన్నారు.
మనది కాదట, అక్కడే చెక్కించిన ముద్రట.
"చేతిరాత ఏమన్నా ఉందా దాని మీద?" అన్నాడట తాత.
ఎవరూ నవ్వలేదు.

యాభై తొమ్మిది, మార్చి.
ఫిరంగి మోతకి సిరాబుడ్డి ఒలికింది.
కట్టలో ఆఖరి నోటుకి నాలుగంకెలే పడ్డాయి.
కలం కడిగి, తుడిచి, చుబా మడతలో దోపుకుని
ఆ రాత్రే నది దాటాడు.

కులూ పైన రోడ్డుపని.
మొదటి వానాకాలం ఇద్దరు పిల్లల్ని తీసుకుపోయింది,
మా అమ్మని వదిలేసింది.
రాళ్ళు కొట్టే ఆ చేతిని ఓవర్సియర్ ఎలా పోల్చాడో
కుంచే రంగుడబ్బా ఇచ్చి
మైలురాళ్ళకి అంకెలు వెయ్యమన్నాడు.
మనాలీ 40. కేలాంగ్ 30.
రాయి రాయికీ మూయని సున్నాలు.
లాసా ఎన్ని మైళ్ళో రాయమని ఎవరూ అడగలేదు.
ఒక్కసారి రాశాడట.
ఓవర్సియర్ చూసి, పల్లెత్తు మాట అనకుండా,
తన చేత్తోనే దాని మీద సున్నం పూశాడు.

అమ్మ స్వెట్టర్లు అమ్ముకుంటూ ఈ ఊరు చేరింది.
నేను పుట్టే నాటికి ఇక్కడ
శరణార్థి కార్డులివ్వడం ఆపేశారు.
అక్కడి లెక్కలో లేను, ఇక్కడి లెక్కలో లేను.
సందు మొదట్లో పోలీసు నంబరడిగితే
ఏడు రకాలుగా నవ్వడం వచ్చు నాకు.
ఖజానాకి అంకెలు వేసిన ఇంట్లో
ఒక్క అంకె కూడా లేకుండా పుట్టాను.

"చేతిరాతే" అన్నాను.
"ఎలా తెలుసు?"
నోటుని బల్బుకి ఎత్తాను.
నడుమ ఆ వరుస తేలింది,
ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో రాసినట్టు.
కింద, చివర, సున్నా.
ఎడమ పక్కన సందు.

యజమాని ధర చెప్పాడు.
"ఇప్పుడు చెల్లుతుందా ఎక్కడైనా?" పర్యాటకుడు నవ్వాడు,
నవ్వుతూనే పర్సు తీశాడు.

వాళ్ళు బేరం తేల్చుకునేలోగా
గుడ్డ తీసుకుని బల్లంతా తుడిచాను,
అది పరిచిన చోటు వదిలేసి.