అద్దానికి అవతలి మూడు

మార్చి ఇరవై, శుక్రవారం సాయంత్రం.
కోట్లు తగిలించుకునే కొక్కేలన్నీ ఖాళీ.
ఒకదానికి మాత్రం ఎడమచేతి ఉన్ని తొడుగు వేలాడుతోంది,
సోమవారం వచ్చి తీసుకుంటాలే అన్నట్టు.

మా పీటర్‌హెడ్‌లో సముద్రం సెలవు పెట్టలేదు.
పడవలు వెళ్ళాయి, చేపలు వచ్చాయి,
ఫ్యాక్టరీలో తల్లులు మూతికి గుడ్డ కట్టుకుని
మంచుపెట్టెల మధ్య నిలబడ్డారు.
బడి మాత్రం నా వంటింటి బల్లెక్కి కూర్చుంది,
పంచదార డబ్బాకీ కరెంటు బిల్లుకీ నడుమ.

తొమ్మిదిన్నరకి తెర మీద పద్నాలుగు గళ్ళు.
ఒకదాన్లో స్ట్రూయన్ ముక్కు. ముక్కొక్కటే.
మోర్వెన్ తన గినీ పందికి కూడా హాజరు వేయమంది. వేశాను.
కిర్స్టీ వెనక నుంచి వాళ్ళ నాన్న జవాబులు అందిస్తాడు,
సగం తప్పులే.
"మిస్, మీరు నిజంగా ఉన్నారా, నిన్నటి వీడియోనా?"
అని అడిగాడు ఫిన్లే.
ఉన్నానని రుజువు చేయడానికి
చెవులు పట్టుకుని లేచి నిలబడ్డాను.

పదిహేనో గడి లేదు.
డొమాంటాస్ ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను.
అది వాళ్ళమ్మ జేబులో పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిపోతుంది.
ఇంట్లో మిగిలేది వాడూ,
రాత్రంతా పనిచేసొచ్చి గురకపెట్టే మేనమామా.

రోజుకి ఒక గంట నడవొచ్చన్నారు.
నా గంటని వాడి వీధిలోకి మళ్ళించాను.

కిటికీ ఎదురుగా కాలిబాట మీద
సుద్దతో ఏడు పడవలు గీశాను.
నాలుగింటిని తాళ్ళతో రేవుకి కట్టేశాను.
ఇంకా ఎన్ని రావాలి?
రెండు చేతులూ చాచి అడిగాను.
వాడి నాలుక వదులైన పన్నుని అటూ ఇటూ ఊపుతోంది,
ఆలోచిస్తున్నాడన్నమాట.
తర్వాత అద్దం మీద ఊదాడు.
ఆ ఆవిరి మీద వేలితో మూడు వేశాడు.

ఇక్కడ కాస్త ఆగాలి.
ఏడాదంతా వాడు మూడుని తిప్పే రాశాడు,
పొట్టలు అటుండాల్సినవి ఇటు.
చుక్కలు పెట్టి దిద్దించాను, ఇసుకలో రాయించాను,
వేలు పట్టుకుని గాలిలో తిప్పాను.
నా ఎర్రసిరా గీతలన్నీ ముడివేస్తే
రేవు దాకా తాడు.

ఆ రోజు కూడా తిప్పే రాశాడు.
కానీ నేనున్నది అద్దానికి ఇవతల.
మూడు సరిగ్గా ఉంది.

తొడుగుల చేతులతో చప్పట్లు కొట్టాను, చప్పుడు రాలేదు.
అంకె కరిగి కిందికి కారేలోగా
వంకరపన్నుతో సహా నవ్వాడు.

రాత్రి వాన. ఏడు పడవలూ మునిగాయి.
మర్నాడు మళ్ళీ గీశాను. జూన్ దాకా గీస్తూనే ఉన్నాను.
ఏం నేర్పావంటే గట్టిగా చెప్పలేను.
కొన్నాళ్ళు లెక్కే లేదు,
ఇద్దరం అద్దానికి చెరోవైపు నిలబడి
నాలుకలు బయటపెట్టి వెక్కిరించుకున్నాం.
ఒకరోజు వాడు కిటికీ దగ్గరికే రాలేదు.
కర్టెను అంచు మాత్రం కదిలింది.
ఆ రోజు నేనూ పడవలు గీయకుండా
మెట్టు మీద కూర్చుని వచ్చేశాను.

ఆగస్టులో తలుపులు తీశాం.
వాడిప్పుడు పై తరగతి, పక్క గది.
అయినా ముందు నా గదికే వచ్చాడు.
కొక్కేనికున్న తొడుగు తీసి వేసుకోబోయాడు,
చెయ్యి సగంలోనే ఆగింది.
జేబులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచాడు.
లోపల దూది, దూదిలో పన్ను.

గోడ మీద మా పళ్ళ పట్టిక మార్చి దగ్గరే ఆగి ఉంది.
ఎవరి పన్ను ఊడితే వాళ్ళు
ఆ నెల కింద కాగితం పన్ను అంటించాలి.

"మే నెలలో ఊడింది మిస్.
లెక్కలోకి వస్తుందా?"

మేకి నేను గడే గీయలేదు.
స్కేలు ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను.