పదకొండో షరతు

కావలి ట్రంకు రోడ్డు మీద
జిరాక్సు మిషను పక్కన నా బల్ల.
ఇరవై ఆరేళ్లుగా ఇళ్లు అద్దెకు రాసిస్తున్నాను,
నావి కాని ఇళ్లు, నావి కాని మాటల్లో.

పది షరతులు నోటికొచ్చు.
అయిదో తారీఖు లోపు అద్దె,
గోడకు మేకు కొట్టరాదు,
మోటారు రోజుకు రెండు పూటలే.
ఆ కింద సంతకాలకు చోటు వదిలేసేవాణ్ణి.

శకుంతలమ్మ గారు ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు.
"ఇంకోటి రాయి నాయనా,
చెత్తాచెదారం పోగెయ్యకూడదని.
ముందున్నాయన పోతా పోతా
గదినిండా పాత పేపర్లు వదిలిపోయినాడు,
ఎలకలు మూడు తరాలు పెరిగినాయి దాంట్లో."

రాశాను.
సదరు ఇంటి యందు నిరుపయోగమైన వస్తువులు
పోగు చేయరాదు. చేసినచో
అడ్వాన్సు నుండి మినహాయించబడును.
అదనపు షరతుకు ఇరవై రూపాయలు.

పెంచల నరసయ్యది కంబీలు కట్టే పని.
వేలిముద్ర వేసినా తుప్పురంగే పడుతుంది.
"నిరుపయోగమంటే ఏంది సార్?"
"పనికిరానిది."
"ఎవురికి?"
దానికి నా దగ్గర సెక్షను లేదు.
ఇక్కడ, అని చోటు చూపించాను.

మరుసటి వారం మేస్త్రీ వచ్చాడు,
ముసునూరు వైపు లేస్తున్న అపార్టుమెంటు కాగితానికి.
అదీ నేనే రాశాను:
మిగులు సామాను సైటులో నిలవ ఉంచరాదు,
సాయంత్రం ఆరింటికల్లా తీసివేయవలెను.
కూలీల పేర్లలో మూడోది నరసయ్య.

ఆడ ఉంచకూడదు, ఈడ చేర్చకూడదు.
నా రెండు కాగితాల మధ్య
రోజూ చీకటి పడ్డాక
ఒక సైకిలు క్యారియరు, దాని మీద
గలగలమంటూ ఒక సిమెంటు సంచీ.

కార్తీకం వానలు తగ్గాక ఫోను చేసింది ఆవిడ,
"కాగితం తీసుకుని రా" అని.
వెనక పోర్షను తలుపు సగమే తెరుచుకుంది.
నూనె డబ్బాలో వంకర మేకులు,
పచ్చడి జాడీలో తిన్నగా కొట్టినవి.
ప్లైవుడ్డు ముక్కలు, నీలం పైపు మూతలు,
మూల విరిగిన రసమట్టం,
లోపల బుడగ ఇంకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.
పడుకోవడానికి నాలుగు బండల మేర.
"ఆ మేకులకు పూసిన నూనె నా తలకు పూసుంటే
జుట్టు ఊడేది కాదు సార్"
అంది చెంచురత్నం, నవ్వకుండా.

శకుంతలమ్మ గారు వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది.
మినహాయింపు మూడు వేలకు చేరేసరికి
నరసయ్య మంచం కిందకు దూరాడు.
పాత లుంగీలో చుట్టిన మూట తెచ్చాడు.
రెండు టైలు, లేత పసుపు మీద మట్టిరంగు తీగ.

"మీ వంటింట్లో సిలిండరు పడి పగిలిందే,
పట్టా కప్పినారే, దాని జత ఇది.
ఈ ఇంటి స్లాబుకు కంబీ కట్టింది నేనే.
తర్వాత కాపలా కూడా ఉన్నా.
మిగిలినయి గుంతలో పోస్తా ఉంటే..."
పంతొమ్మిదేళ్లు. అయిదు అద్దె ఇళ్లు.
ఆ టైలు కోసం ఆవిడ నెల్లూరంతా తిరిగింది,
ఆ కంపెనీయే లేదన్నారు.

లెక్క పెట్టిన వేళ్లు అట్టే మడిచి ఉన్నాయి.
ఆవిడ ఏమీ అనలేదు.
నేను కాగితం సంచిలో పెట్టుకున్నాను.

పదకొండు నెలలు నిండి మళ్లీ వచ్చారు ఇద్దరూ.
"పదకొండోది తీసేద్దామా?"
"తియ్యబాక. పక్కన రాయి, టైలు మినహా అని."
కాసేపాగి, "మేకులు కూడా.
జాడీలో ఉండేవి మాత్రమే."
ఇరవై రూపాయలు అడగబుద్ధి కాలేదు. అడిగాను.

సంతకాలయ్యాక
"ఈ పాత కాగితం మీకు అక్కర్లేదు గదా సార్?"
అన్నాడు నరసయ్య.
కాలం తీరింది, దేనికీ పనికిరాదన్నాను.
ఎవురికి, అని ఈసారి అడగలేదు.
నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో వేసుకున్నాడు,
సైకిలు స్టాండు తీశాడు.