ఇరవై నాలుగు సెంటీమీటర్లు

మా తిబిలీసీలో డబ్బు పేరు లారి.
మా ఆయన వజా ముప్పై ఏళ్లు నడిపింది లారీ.
రెంటికీ ఒక్క దీర్ఘమే తేడా.
ఆ దీర్ఘం పొడుగునా అరిగిపోయింది ఆయన నడుము.

ఆపరేషనయ్యాక డాక్టరు తాళాలు వదిలెయ్యమన్నాడు.
ఇప్పుడు వంటింటి బల్ల మీదే బండి.
ప్లాస్టిక్ స్టీరింగు, తెర మీద రోడ్డు,
మేనల్లుడు పారెయ్యబోతే తెచ్చుకున్న కంప్యూటరు.
ఆటలో వాన మొదలైతే చాలు
బొమ్మ నత్తలా పాకుతుంది.
పక్క అద్దాల్లో ఏమీ ఉండదు, బూడిదరంగు మచ్చ తప్ప.
"అద్దాల్లేకుండా రివర్సు ఎలా, ఎతేరీ?" అంటాడు,
నిజంగానే నా పూలకుండీలు గుద్దేస్తాడేమో
అన్నంత దిగులుగా.

కొత్త గ్రాఫిక్స్ కార్డు వేస్తే కనిపిస్తాయట.
ఆయన కొనమని అడగలేదు.
అడిగుంటే ఇచ్చేదాన్ని కాదేమో.
బిస్కెట్ల డబ్బాలో నాలుగొందల లారి ఉంది,
రెండు పెళ్లిగౌన్లూ, ఒక బడి నాటకానికి తెరా
కుట్టగా వచ్చింది.

స్టేడియం కింద కొట్ల వరస.
మల్ఖాజ్ అనే కుర్రాడు, చెవి మీద స్క్రూడ్రైవరు.
మొదట కొత్తది చూపించాడు, సీలు కూడా విప్పనిది.
"మెమరీ నాలుగే. వచ్చే ఏడాదికి బిగుతవుతుంది."
ఎదిగే పిల్లాడికి లోమడత వదలకుండా కుట్టడం లాంటిది.
పక్కన పెట్టించాను.

రెండోది ఎనిమిది. మూడు ఫ్యాన్లు, నిగనిగలు.
మూడొందల ఎనభై.
అంత చవగ్గా ఎందుకిస్తున్నావన్నాను.
చూపు తిప్పుకున్నాడు.
"గనిలో పనిచేసింది."
బొగ్గు గని కాదు, కంటికి కనపడని నాణేల గని.
ఏదో షెడ్డులో వందల కార్డుల మధ్య
రాత్రీ పగలూ లెక్కలు చేసిందట.
ఒక్క ఆట ఆడలేదు, ఒక్క వాన చూడలేదు.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
ఇస్త్రీపెట్టె మరిచిపోయిన చొక్కా వాసన.
పాపం, దాని నడుమూ అరిగే ఉంటుంది.

అయినా ఎనిమిది ఎనిమిదే కదా,
చెయ్యి డబ్బా దాకా వెళ్లింది.
అలవాటుకొద్దీ టేపు తీసి పరిచాను.
కుర్రాడు నవ్వాడు.
ఇరవై ఏడు.
"మా పెట్టెలో ఖాళీ ఇరవై నాలుగు. పొద్దున్నే కొలిచాను."
నవ్వు ఆపేశాడు.
పవర్ సప్లై ఎంతదని అడిగాడు.
పాల బిల్లు వెనక రాసుకొచ్చిన అంకె చూపించాను.
"అబ్బే, ఇది లాగదు" అని
తనే పెట్టె మూసేశాడు.

పిండి కొద్దీ రొట్టె.
లోపల్నుంచి ఇంకోటి తెచ్చాడు,
పొట్టిది, ఒక్క ఫ్యాను, ఎనిమిదే,
ఎవరో కాలేజీ అమ్మాయి వాడి మార్చుకుందట.
పందొమ్మిదిన్నర సెంటీమీటర్లు.
నాలుగొందల ఇరవై.

ఇరవై తక్కువ.
బేరం నాకు చేతకాదు.
కానీ ఆ పిల్లాడి కోటు జిప్పు
పళ్లూడి, పిన్నీసుతో బతుకుతోంది.
బయట ఫిబ్రవరి.
"విప్పు" అన్నాను.
కౌంటరు మీదే కుట్టిచ్చాను.
నాలుగొందలు లెక్కపెట్టుకుని
మిగతా ఇరవై మాట ఎత్తలేదు.

రాత్రి తెర మీద వాన పడింది.
చినుకు చినుకుగా, అద్దం మీద జారుతూ,
వైపరు తుడిచాక మళ్లీ.
పక్క అద్దంలో మా ట్రెయిలరు,
దాని వెనక ఎవరివో రెండు దీపాలు.
వజా కార్డు గురించి ఒక్క మాటా అనలేదు.
రోడ్డు పక్కన ఆపి, ఇంజను ఆపకుండా,
చాలాసేపు ఆ అద్దంలోకే చూశాడు.

ముప్పై ఏళ్లలో ఒక్కసారీ
ఆ పక్కసీట్లో కూర్చోలేదు నేను.
కంపెనీ ఒప్పుకునేది కాదు.
కుట్టుమిషను స్టూలు లాక్కుని కూర్చున్నాను.
"బెల్టు" అన్నాడు, తల తిప్పకుండా.

మెడలో టేపు వేలాడుతోంది.
తీసి నడుముకి చుట్టుకున్నాను.