పదిహేడో ఎత్తు

ఓడిపోయిన ఆటని
ధర్మకాటా చీటీ వెనక రాసుకున్నాను.
ముందు వైపు లారీ నంబరు, ఖాళీ బరువు, నిండు బరువు.
వెనక వైపు నా గుర్రాలు, అతని శకట్లు.

గుణుపురంలో శనివారం. రైసుమిల్లు మూసేశారు.
వంశధార మీంచి వచ్చే గాలికి
తవుడు వాసన కొంచెం పలచబడింది.
సదానంద సాబత్,
ఆస్పత్రిలో ముప్పయ్యేళ్ళు మందులు కలిపిన చెయ్యి,
బల్ల పరిచి, నల్ల బంట్లు లెక్కపెట్టి,
తక్కువైన ఒకదాని చోట
దగ్గుమందు సీసా మూత పెడతాడు.
ఆ మూతంటే ఈమధ్య నాకు భయం.

మొదటి పది ఎత్తులూ అడక్కండి.
అవి బరంపురంలో కొన్న పాత పుస్తకంలోవి,
అట్ట లేనిది, ఎవరో పెన్సిలుతో టిక్కులు పెట్టినది.
పదకొండులో పుస్తకం అయిపోయింది.
అక్కణ్ణించి అంతా నేనే.

పన్నెండు: గుర్రాన్ని నడిమి గడిలో నిలబెట్టాను.
బాగుంది. ఇప్పటికీ బాగుంది.
పధ్నాలుగు: ఊరికే ఓ బంటుని తోశాను,
ఏమీ తోచనప్పుడు తలుపు గొళ్ళెం సరిచూసినట్టు.
పదహారు: అతని మూత ఒక గడి ముందుకి. నేను చూడలేదు.
పదిహేడు.

పదిహేడు పక్కన "పదకొండు నిమిషాలు" అని ఉంది.
చీటీ చెప్పనిది నేను చెప్తాను:
అందులో తొమ్మిది నిమిషాలు
కాశీనగరం లారీ గురించి ఆలోచించాను.
మధ్యాహ్నం కాటా నలభై కిలోలు తక్కువ చూపించింది.
డ్రైవరు నా మొహం చూశాడు, నేను అంకె చూశాను,
ఇద్దరం ఏమీ అనలేదు.
మిగిలిన రెండు నిమిషాల్లో
దిక్కులేకుండా కనిపించిన బంటుని
మంత్రితో తినేశాను.

తిన్నాను గదా,
ఆ తర్వాత మంత్రికి ఇంటిదారి లేదు.
నాలుగు ఎత్తుల్లో మూత వచ్చి తలుపు వేసింది.

ఇప్పుడు మళ్ళీ పదిహేడు దాకా పేర్చుకొచ్చాం.
"ఇక్కడ" అన్నాడు సాబత్, వేలు బల్లకి తగలనివ్వకుండా,
"హాతీ ఆణిథిలే ము మొరిథాంతి."
ఏనుగుని తెచ్చుంటే తను చచ్చేవాడట.

మూలనున్న ఏనుగుని
ఖాళీ వరస మీదికి జరిపాను.
కాదు కాదు, అది డంగా, అని నవ్వాడు. పడవ.
వాళ్ళ హాతీ మన శకటు.
మన ఏనుగు వాళ్ళకి నీళ్ళ మీద తిరుగుతుంది.
పదహారేళ్ళుగా ఆడుతున్నాం,
టీలు, అరుపులు, రెండు నెలల అలక ఒకటి,
అన్నీ అయ్యాయి గాని
ఒకరి ఏనుగు ఒకరికి తెలీదు.

సరే, అతని హాతీనే ముందు చూశాం.
శకటుని ఏటవాలుగా రాజు మీదికి పంపాం.
మూడు ఎత్తులు. అతని గుర్రం అడ్డొచ్చింది. అంతే.
"మొరిలి నాహిం" అని తనే ఒప్పుకున్నాడు,
చావనందుకు కొంచెం నిరాశగా.

పొరపాటున జరిపిన నా ఏనుగుని
మూలకి పంపేద్దామని వేళ్ళతో పట్టుకున్నాను.
కరెంటు పోయింది.
సాబత్ సెల్లు దీపం వెలిగించి టీ గ్లాసుకి ఆనించాడు.
కాయల కంటే నీడలు పొడవు.
ఆ వెలుతురులో ఏనుగు ముందున్న వరస
చివరి గడి దాకా ఖాళీ.

దింపాను.
నల్ల రాజు పక్కకి తప్పుకోవాలి.
తప్పుకుంటే నా గుర్రం లేస్తుంది.
గుర్రాన్ని తింటే అతని మంత్రి పోతుంది.
తినకపోయినా పోతుంది.
మూడుసార్లు వెనక్కి పెట్టి మళ్ళీ వేశాం.
ఒకసారి అతను నా వైపు కూర్చుని,
నేను అతని వైపు.
మూత పక్కనే ఉంది, ఒక్క గడి దూరంలో,
వట్టి ప్లాస్టిక్కు.

నౌపడా బండి కూసి వెళ్ళిపోయింది.
"సంపీసినావు గదేటి నన్ను" అన్నాడు చివరికి,
మా పాతపట్నం యాసలో,
కోపంగానో, మెచ్చుకోలుగానో.

ఆ ఎత్తు రాసుకోవాలి.
ఏనుగనా, పడవనా?
పడవ అన్నాను. మొదట వద్దన్నాడు, తర్వాత సరే అన్నాడు.
చీకట్లో పెన్ను గట్టిగా నొక్కి రాశాను.

తిప్పి చూస్తే, కాశీనగరం చీటీ.
అటువైపు నిండు బరువు దగ్గర
అంకె ఉబ్బి ఉంది,
వేలికి తగులుతోంది.